జర్మనవ్వ ఒంటిమీది బట్ట

హెర్టా లిండెమన్ దోహాకి చచ్చిపోవడానికి వచ్చింది. ఈ మాట నాది కాదు, ఆమెదే. అప్పటికి ఆమెకి డెబ్భై రెండేళ్ళు. కొడుకు డీటర్ ఇక్కడ సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంట్‌లో ఇంజనీరు. ఉన్న నాలుగు రోజులూ వాడి దగ్గర వెచ్చగా గడిపి పోదామని 1979లో ఒక్క పెట్టెతో విమానం దిగింది. పోలేదు. ఇరవై నాలుగేళ్ళ తరవాత ఆ కొడుకునే ఈ ఇసకలో పూడ్చిపెట్టింది. కోడలు జర్మనీ వెళ్ళిపోయింది. ఈమె ఉండిపోయింది. నేను ఆ ఇంట్లో డ్రైవరుగా చేరేనాటికి ఆమె వయసు నూటపదకొండు.

ఇప్పుడు ఆమె లేదు, ఆ ఇల్లూ లేదు. అల్ తుమామాలో రోడ్లు వెడల్పు చేసినప్పుడు పోయింది. దాని మీదుగా నున్నటి తారు రోడ్డు, రోడ్డు పొడుగునా వరల్డ్ కప్ జెండాలు. ప్రపంచమంతా వస్తోందట, ఊరు ముస్తాబవుతోంది. నాకు మాత్రం ఆ మలుపు రాగానే కాలు బ్రేకు మీదికి పోతుంది. అక్కడ తుప్పు పట్టిన ఆకుపచ్చ గేటుండాలి. గేటు పక్కన నా గది ఉండాలి. వరండాలో మిట్టమధ్యాహ్నం ఎండలో చక్రాల కుర్చీ, అందులో ఒక ముసలామె ఉండాలి.

ఆ ఇంట్లో ముగ్గురే ఉండేవాళ్ళు. హెర్టా, ఆమె మనవరాలు ఉర్సులా, హెర్టాని చూసుకునే నర్సు జయకుమారి. ఉర్సులా ఒక స్కూల్లో సంగీతం టీచరు. పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేది. జయకుమారిది నరసాపురం. ఆమె హెర్టాని మామ్మ అనేది. నాది జగిత్యాల దగ్గర పల్లె కాబట్టి నేను అవ్వ అన్నాను. రెండు పిలుపులకీ పలికేది. నలభై ఏళ్ళలో డ్రైవర్ల దగ్గర హిందీ, కూరగాయల వాళ్ళ దగ్గర అరబ్బీ, కొడుకు స్నేహితుల దగ్గర ఇంగ్లీషు ఏరుకుని, మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేసేది. ఇక్కడ ఆ మాటల్ని తెలుగులో రాస్తున్నాను. రుచి కొంత పోతుంది, తప్పదు.

ఎండంటే ఆమెకి ప్రాణం. ఊరంతా తలుపులు బిగించుకుని ఏసీల కింద పడుకునే వేళ ఆమె కుర్చీ వరండాలోకి తోయించుకునేది.

"మాడిపోతారు మామ్మా, లోపలికి రండి!" అని జయకుమారి మొత్తుకునేది.

"ఇంకా ఉడకలేదు," అనేది హెర్టా.

ఇంటి వెనక స్టేడియం లేస్తోంది. అరబ్బు మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే అల్లిక టోపీ ఆకారంలో కడుతున్నారు. ఆమెకి చూపు మసక. క్రేన్ల చప్పుడు మాత్రం వినేది. దాని లోపల చల్లగాలి పెడతారని ఒకసారి చెప్పాను.

"పిచ్చివాళ్ళు. ఊరికే వచ్చిన వేడిని తరిమేస్తారా?" అని నవ్వింది.

ఆ వేడిలో ఇనప గొట్టాలెక్కి పని చేసేవాళ్ళలో మా అన్న ఉన్నాడని చెప్పాను. ఇంక నవ్వలేదు.

ఒకసారి ఒక పత్రికావిడ వచ్చింది, ఇంత కాలం బతకడానికి ఏం తిన్నారు, ఏం చేశారు అని అడగడానికి. ఆ ప్రశ్న హెర్టాకి నచ్చలేదు.

"మా అక్క నాకన్నా శుభ్రంగా తినేది, నాకన్నా ఎక్కువ ప్రార్థన చేసేది. అరవైకే పోయింది. ఆమె ఏం తప్పు చేసిందో అడుగు, ఎవరైనా చెప్తారేమో," అంది. పత్రికావిడ టీ తాగి వెళ్ళిపోయింది.

సాయంత్రాలు కారులో తిప్పమనేది. ఉమ్ ఘువైలినా సందుల్లోంచి సముద్రపు ఒడ్డుకి. ఏదో హోటల్ మేడ దగ్గర నేను కారాపితే, "ఇక్కడ నీళ్ళుండేవి. డీటర్ కాళ్ళు కడుక్కునేవాడు," అనేది. రొట్టెల బట్టీ ఒకటి చెప్పేది, అదెక్కడా కనిపించేది కాదు. మంచినీళ్ళ ట్యాంకర్ వచ్చే రోజు వీధిలో ఆడవాళ్ళంతా బయటికి వచ్చేవాళ్ళని, అదే పండగని చెప్పేది. నేను చూడని దోహాకి నేను బెంగపడ్డాను ఆ కారులో. మా ఊరి మీద కూడా అంత బెంగ పడలేదు.

తన ఊరి సంగతులు మాత్రం తక్కువ. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక చిన్న రైలు స్టేషన్ ఊళ్ళో పుట్టింది. తండ్రి పట్టాలు చూసే పనివాడు. భర్త ఒట్టో వడ్రంగి. రష్యా యుద్ధానికి పోయి, శవమై కూడా తిరిగి రాలేదు. యుద్ధం చివరి జనవరిలో మంచులో కొడుకుని నడిపించుకుంటూ పడమటికి వచ్చింది. తరవాత హాంబర్గ్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీలో, ముసలితనం వచ్చేదాకా. అంతే చెప్పేది. "ఆ జనవరి చలి నా ఎముకల్లోంచి దోహా వచ్చాకే దిగింది," అనేది.

ఆమెకొక అలవాటుండేది. ఇంట్లో బట్ట ఏదైనా కాస్త పాతబడితే చాలు, దుప్పటైనా గౌనైనా, ఒళ్ళో పెట్టుకుని కత్తెరతో గాటు పెట్టి చతురస్రాలుగా చింపేది. చూపు లేకపోయినా అంచులు సూటిగా ఉండేవి. నేను కారు తుడిచే గుడ్డలన్నీ అవే. పాత బట్ట ఎవరికీ ఇచ్చేది కాదు. జయకుమారి ఒకసారి ఉర్సులా వదిలేసిన స్వెటర్ కూలీల క్యాంపులో ఎవరికైనా ఇద్దామంటే, హెర్టా ఒప్పుకోకుండా కొత్తది కొని పంపించింది. గొప్పింటి పద్ధతి అనుకున్నాను నేను.

మా అన్న జలంధర్ గురించి చెప్పాలి. మా పెద్దమ్మ గౌరవ్వ కొడుకు. ఉండేది బర్వా అల్ బరాహా క్యాంపులో, డ్యూటీ మా వెనక స్టేడియంలో. అతని భార్య సుమలత వదినకి రెండు కాన్పులు దక్కలేదు. మొదటిది కడుపులోనే పోయింది. రెండోవాడు పుట్టి, తొమ్మిదో రోజున పోయాడు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. అన్నకి సెలవు ఇవ్వలేదు. స్టేడియం పైకప్పు బిడ్డలకన్నా ముఖ్యం.

ఆ రోజుల్లో గౌరవ్వ నాకు ఫోన్ చేసింది.

"అరేయ్ నగేషూ, మీ దుబాయ్‌ల నూటపదేండ్ల ముసలామె ఉన్నదట గదరా?"

"ఉన్నది పెద్దమ్మా. ఇది దుబాయ్ గాదు, ఖతర్."

"ఏదో ఒకటి తియ్. ఆమె కట్టి ఇడిసిన బట్ట ఒక్క పేలిక తెప్పియ్యి బిడ్డా. పొత్తిళ్ళకు. కాళ్ళు మొక్కుత."

మా వైపు పురిటిబిడ్డకి కొత్త బట్ట తాకించరు. ఇరవై ఒకటో నాటి దాకా పాతదే. అదీ ఎవరిది పడితే వాళ్ళది కాదు. నిండుగా బతికిన మనిషిది కావాలి. అడిగి తీసుకోవాలి, ఆ మనిషి తన చేత్తో ఇవ్వాలి. మా ఊళ్ళో ఎల్లవ్వ అనే ముసలామె ఉండేది. ఊరి పురుళ్ళన్నిటికీ ఆమె చీరముక్కే. నేను కూడా ఆమె చీరలోనే పడుకున్నానట. ఎల్లవ్వ పోయాక ఊళ్ళో ఆ వయసు మనిషి లేదు.

ఆ శుక్రవారం సెలవు రోజున జలంధర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చే శుక్రవారం తిరుమల్ అనే మా ఊరతను ఇంటికి పోతున్నాడు. అతని చేతికి బట్ట ఇస్తే కాన్పు నాటికి అందుతుంది. ఆ తరవాత పోయేవాళ్ళు లేరు.

వంటింటి గుమ్మం దగ్గర జయకుమారి కూర్చుని కొక్కెం సూదితో లేసు అల్లుతోంది. విషయం విని సూది ఆపింది.

"పాతగుడ్డలో ఆయుష్షుంటుందా తమ్ముడూ? ప్రార్థన చేసుకో. నేనూ చేస్తాను."

"నువ్వు జెయ్యి అక్కా, వద్దంటలేను. మీ దేవునిది మీ దేవునిదే, మా అమ్మది మా అమ్మదే. బట్ట తీసుకపోకపోతే మా అమ్మ నన్ను ఇంటి గల్మ తొక్కనియ్యది."

"సరేలే. లాండ్రీలో మామ్మ దిండు గలీబు ఒకటుంది. చప్పుడు చెయ్యకుండా పట్టుకుపో."

"దొంగతనంగ తీసుకపోతే పని జెయ్యది అక్కా. ఆమెనే ఇయ్యాలె."

"మరి కారు గుడ్డలు? అవి మామ్మ చేత్తో చింపినవేగా?" అని ఆమె నవ్వింది.

"టైర్లు తుడిసినయా? నా బిడ్డ ఏమన్న టొయోటానా?"

జయకుమారి ఇంకా నవ్వుతూనే లోపలికి వెళ్ళి హెర్టాకి చెప్పింది. ఏం చెప్పిందో నాకు తరవాత తెలిసింది. నగేష్ వాళ్ళన్నకి బిడ్డ పుట్టబోతోంది, పాతబట్ట ఉంటే అడుగుతున్నాడు అని చెప్పింది. నిండుగా బతికిన మనిషి ఒంటిదే కావాలన్న ముఖ్యమైన ముక్క వదిలేసింది, అది జయకుమారి నమ్మకం కాదు కదా.

హెర్టా మొహం ఎర్రబడింది. నన్ను పిలిచి, పెద్ద దుకాణానికి వెళ్ళి పుట్టిన బిడ్డకి అన్నీ కొనుక్కు రమ్మంది. "మెత్తటివి. తెల్లవి. అన్నీ కొత్తవి."

"అవ్వా, అతను అడిగింది..."

"విన్నాను. పనిచేసే మనిషి పాతది అడగక్కర్లేదు. యల్లా, బయల్దేరు."

సాయంత్రం రిబ్బను కట్టిన పెట్టె జలంధర్ చేతుల్లో పెట్టింది. చిన్న టోపీ, మేజోళ్ళు, చంద్రుడి బొమ్మ ఉన్న దుప్పటి. అతను వంగి ఆమె కాళ్ళకి దండం పెట్టాడు. గేటు దాటాక పెట్టెని గోడ మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

"ఇగో, మళ్ళ కొత్తవే," అన్నాడు.

రెండో కాన్పుకి అతనే ఉమ్ ఘువైలినాలో ఒక చిన్న అంగీ కొని ముందుగానే పంపాడు. ఫొటోలో బిడ్డని అందులో చూసుకోవాలని ఆశ. సుమలత ఆ ఆశ తీర్చడానికే బిడ్డకి తొడిగింది. తొమ్మిదో నాటికి బిడ్డ లేడు. ఊళ్ళో అందరూ అంగీ మాటే అన్నారు. బిడ్డకొచ్చిన జ్వరం మాట ఎవరూ అనలేదు.

"నువ్వు సదువుకుంటవ్ గదరా, బట్టతోని ఏమైతదని అంటవ్," అన్నాడు నాతో.

నేనూ అతని పక్కన కూర్చున్నాను. పుస్తకాలు చదివితే ఇలాంటివాటికి జవాబు దొరుకుతుందనుకున్న వయసు అది. దొరకలేదు.

ఆ వారమంతా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. హెర్టా మాత్రం పెట్టె గురించి సంతోషంగా ఉంది. జయకుమారి అల్లిన లేసుని వేళ్ళతో తడిమి, "ఇక్కడ ముడి వదులు," అని తప్పు పట్టుకుంటూ, ఆ బిడ్డ టోపీకి ఇంకో అంచు అల్లమని పోరింది.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం తిరుమల్ విమానం. పదకొండు గంటలకి జలంధర్ మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాడు, ఈసారి పెట్టెతో సహా.

"తిరిగిస్తవా?" అన్నాను.

"కాదు. నేనే అడుగుత. నువ్వు మాట మాట జెప్పు. కలపకు, తీసెయ్యకు."

హెర్టా వరండాలో ఎండలో ఉంది. అతను నేల మీద, ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. నేను ఆమె ఎడమ చెవి దగ్గర వంగాను. జయకుమారి గుమ్మంలో నిలబడింది.

"అవ్వా, నువ్విచ్చినయి మంచియే. ఇరవై ఒకటో దినం తొడుగుతం. గని గప్పటిదాక బిడ్డ బతకాలె. మాకు పాతది గావాలె. నువ్వు కట్టి, ఉతికి, అరగదీసిన బట్ట. నీ అంత కాలం బతికిన బట్ట."

నేను చెప్పాను. ఆమె అతని గొంతు వైపు మొహం తిప్పింది.

"ఇంతకుముందు పోయిన బిడ్డ ఒంటిమీద ఏముంది?" అని అడిగింది.

"నేను పంపిన అంగే. కొత్తది," అన్నాడు జలంధర్. "నేను సూడలే అవ్వా. ఫోన్ల సూసిన."

ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తరవాత ఆమె చెప్పింది మనవరాలికి కూడా అంతకుముందు తెలియదు.

ఆ జనవరిలో ఆమెతో నడిచింది డీటర్ ఒక్కడే కాదు. చంకలో నెలల పిల్ల ఉంది. గెర్డా. దారిలో ఒక బండి మీద ఒక స్త్రీ చలికి బిగుసుకుపోయి చచ్చింది. పక్కవాళ్ళు ఆమె శాలువా తీసి హెర్టాకి ఇచ్చారు, పిల్లకి చుట్టమని. చుట్టింది. మంచి ఉన్ని. తెల్లారేసరికి శాలువా వెచ్చగానే ఉంది, పిల్ల లేదు.

"అప్పట్నించీ పాతబట్ట చేతికొస్తే చింపుతాను. ఎవరి బిడ్డకీ చుట్టకుండా," అంది.

నేను జలంధర్‌కి చెప్పాను. ఆమె పాతబట్టని తప్పుబట్టింది, మా ఊరు కొత్త అంగీని తప్పుబట్టింది. అక్కడి యుద్ధాన్ని, మా మండలంలో డాక్టరు లేని ఆసుపత్రిని ఎవరూ ఏమీ అనలేదు. బట్ట చేతికందుతుంది, దాన్ని తిట్టొచ్చు.

జలంధర్ మాత్రం వెంటనే అన్నాడు. "అవ్వా, అది సచ్చినామె బట్ట. సచ్చినోళ్ళది మేం సుత ముట్టం. నువ్వు బతికున్నవ్ గద. నేనడుగుతున్నది బతికున్నోళ్ళది."

నేను చెప్పాను. ఆమె మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"బతికున్నవాళ్ళది," అంది తనలో తాను. తరవాత తల అడ్డంగా ఊపింది. "కానీ నా దగ్గరేం లేదు. అన్నీ చింపేశాను."

అలా అంటూనే ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోయింది. పైగౌను కింద ఎప్పుడూ ఒక చేతుల్లేని తెల్ల నూలు చొక్కా వేసుకునేది. ఉతికి ఉతికి పొరలా అయిపోయింది. దాన్ని కూడా చింపుదామని జయకుమారి ఎన్నిసార్లు అన్నా, ఒంటికి అలవాటైపోయిందని వదలలేదు.

"లోపలికి తీసుకెళ్ళు," అంది జయకుమారితో.

తిరిగి వచ్చేసరికి చొక్కా ఆమె ఒళ్ళో మడత పెట్టి ఉంది. జలంధర్ రెండు చేతులూ చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఉతకాలి."

"అయ్యో, వద్దని జెప్పరా! ఒంటిమీంచి తీసింది తీసినట్టే గావాలె. సబ్బు పెడితే అంత పోతది."

"ఆసుపత్రి లాండ్రీలో పాతికేళ్ళు చేశాను. విప్పిన బట్ట ఉతక్కుండా నేనెవరికీ ఇవ్వను. బిడ్డకా? ఛీ!"

ఇద్దరూ మొండిగా కూర్చున్నారు. జయకుమారికి విసుగొచ్చింది. "మీ అమ్మకి ఫోన్ చెయ్యి బాబూ, ఆవిడే తేలుస్తుంది."

ఫోన్ స్పీకర్లో పెట్టాను. సంగతంతా విని గౌరవ్వ కొడుకుని కసిరింది.

"ఉతికితే పోయేది ఆయుసెట్లయితదిరా? మురికైతది గని. ఆమె ఎట్లంటె అట్ల జెయ్యి. పెద్దమనిషితోని కొట్లాడుతున్నవా?"

ఆమె ఏమందో చెప్తే హెర్టా ఆ రోజు మొదటిసారి నవ్వింది. "ఆవిడకి నాకన్నా బుద్ధుంది. వయసెంత?"

తానే ఉతుకుతానంది. బకెట్టు కుర్చీ ముందు పెట్టాం. నూటపదకొండేళ్ళ చేతులు, నరాలు తేలిన చేతులు, నీళ్ళలో ఆ చొక్కాని మెల్లగా పిసికాయి. పిండే బలం లేక జలంధర్‌కి ఒక కొస ఇచ్చింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మెలిపెట్టారు. తీగ మీద వేశాం. అందరం దాని కింద కూర్చున్నాం. ఎండ ఫెళ్ళున కాస్తోంది. శుక్రవారం కదా, క్రేన్లు ఆగి ఉన్నాయి. టీ తాగేలోపే ఆరింది.

ఆమె దాన్ని చెంపకి ఆనించి తడి చూసుకుంది. మడత పెట్టి జలంధర్ చేతుల్లో పెట్టింది. అతను దాన్ని కళ్ళకద్దుకున్నాడు. తిరుమల్‌కి అందించడానికి అతన్ని ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్ళాను; దారి పొడుగునా అతను దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

తరవాతి వారం ఆడపిల్ల పుట్టింది. నేను గౌరవ్వ మాట నమ్మినవాణ్ణి కాదు. ఈసారి సుమలతని పల్లెలో ఉంచకుండా జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు, అక్కడ డాక్టరు ఉన్నాడు. నాకు అంతవరకే తెలుసు. అయినా ఆ వారం నేను కూడా సరిగ్గా తినలేదు.

హెర్టా పొద్దున్నే లేచి, "జలంధర్ ఫోన్ చేశాడా?" అని అడిగేది. మందులు వద్దనేది, ముందు అది చెప్పమనేది. ఉర్సులా స్కూలుకి పోతూ గుమ్మంలో ఆగి ఆ జవాబు విని పోయేది. తొమ్మిదో రోజున హెర్టా ఎండలోకి కూడా రాలేదు. మంచం మీదే, గోడ వైపు తిరిగి పడుకుంది. జయకుమారి పక్కన కూర్చుని పెదవులు కదుపుతూనే ఉంది.

పదో రోజు పొద్దున డ్యూటీకి పోయే బస్సులోంచి జలంధర్ ఇంటికి చేసి, ఆ ఫోన్‌ని మా ఫోన్‌కి కలిపాడు. తెర మీద ఆ తెల్ల నూలు గుడ్డలో చుట్టిన ఎర్రటి మొహం కనిపించింది. హెర్టాకి బొమ్మ కనపడదు. నేను ఫోన్ ఆమె చెవికి ఆనించాను. బిడ్డ ఒకటే గోల, గుక్కపట్టి ఏడుస్తోంది. గౌరవ్వ అటు నుంచి కంగారుగా "ఓర్కో బిడ్డా, ఓర్కో," అంటోంది.

హెర్టా కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఇది జబ్బు ఏడుపు కాదు, ఆకలి ఏడుపు," అంది. "ఫోన్ పెట్టేసి పాలివ్వమను."